ఉప్పుటేరు అవతలి మందు

రోజూ తెల్లారి అయిదున్నరకు నా పడవలో మొట్టమొదట కాలు పెట్టే మనిషి సౌము. పంతొమ్మిదేళ్ళుగా నేను కివులిని రేవు నుంచి ఉప్పుటేరు అవతలి గట్టుకు జనాన్ని దాటిస్తున్నాను. నా పేరు కిబ్వానా, కానీ అందరికీ సరంగునే. ఎక్కిన మనిషి కూర్చునే తీరు చూసి ఎక్కడికి పోతున్నాడో చెప్పగలను. సంతకు పోయే ఆడమనిషి బుట్టను కాళ్ళ మధ్య ఇరికించుకుంటుంది. కోర్టుకు పోయేవాడు చొక్కా నలుగుతుందని నిలబడే ఉంటాడు. సౌము మూడేళ్ళపాటు రోజూ ఎక్కింది, ఒక్కరోజు కూడా కుదురుగా కూర్చోలేదు. బల్ల అంచున ఇంత చోటులో ఆనుకుని, ఒళ్ళో సగం కుట్టిన టోపీ పెట్టుకుని, సూది ఆడిస్తూ, మధ్యమధ్య తలెత్తి అవతలి గట్టు ఎంత దూరంలో ఉందో చూసుకుంటూ ఉండేది.

“సరంగన్నా, ఇంజను తిప్పుతావా, నన్నే దిగి తొయ్యమంటావా?”

“ఇంకో ఇద్దరు రానీ తల్లీ. నీ ఒక్కదాని కోసం బయల్దేరితే చేపలు నవ్వుతాయి.”

“నవ్వనీ. అవతల కిటికీ మూసేశారంటే నేనేడుస్తాను. ఆ ఏడుపు నువ్వు వినలేవు.”

నేను నవ్వేవాణ్ణి. ఆ కిటికీ ఏమిటో నాకు తెలుసు, కివులినిలో అందరికీ తెలుసు. అది మూసేస్తే ఏమవుతుందో మాత్రం నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించలేదు కూడా.

సౌము తల్లి కుట్టిన టోపీ పెట్టుకోని పెళ్ళికొడుకు ఆ రోజుల్లో మా ఊళ్ళో లేడు. బట్ట మీద వందల చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లు చుట్టూ దారం చుట్టి, ఒక టోపీ పూర్తవడానికి మూడు నెలలు పట్టేది. సౌముకు ఆ పని పదేళ్ళకే పట్టుబడింది. పంతొమ్మిదో ఏట హేరి అనే అతన్ని చేసుకుంది. మనిషి అందగాడు. బీచిలో విదేశీయులను ఒంటెల మీద తిప్పేవాడు, నాలుగు భాషల్లో అబద్ధాలు చెప్పగలిగేవాడు. మొదటి కడుపు పోయినప్పుడు సౌము నొప్పితో మెలికలు తిరుగుతుంటే హేరి ఒక సిగరెట్టు వెలిగించి చేతికిచ్చాడు. “పీల్చు, తగ్గిపోద్ది” అన్నాడట. తగ్గిపోయింది. అందులో ఉన్నదాన్ని మా దగ్గర పిండి అంటారు. వండుకునే మొక్కజొన్న పిండి కాదు, ఓడల మీద వచ్చి చిటికెడు పొట్లాలుగా చేతులు మారే గోధుమరంగు పొడి. దాన్ని తీసుకునేవాళ్ళను తేజాలంటారు. ఒక మనిషికి ఆ మాట తగిలాక ఇక సొంత పేరు ఎవరి నోటా రాదు.

పొగ నుంచి సూదికి వెళ్ళడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది. హేరి ఒకరోజు టాంగా ఊరికి వెళ్తున్నానని చెప్పి పోయాడు, మళ్ళీ రాలేదు. తల్లి మొదట ఏడ్చింది, తర్వాత తిట్టింది, ఆఖరికి ఇంటికి తాళం వేసుకుని ఫాజా దీవిలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. సౌము పాత జీడిపప్పు గోదాము వెనక తేజాల మధ్య పడుకునేది. ఆమె పడవ దగ్గరికొస్తే నేనూ అందరిలాగే తెడ్డు చూపించి “పో” అనేవాణ్ణి. దాచుకోవడం ఎందుకు, అన్నాను.

అలా పద్నాలుగేళ్ళు. అప్పుడు అవతలి గట్టున, పట్నంలోని ప్రభుత్వ ఆసుపత్రివాళ్ళు తేజాలకు మెతడోన్ అనే మందివ్వడం మొదలుపెట్టారు. చిన్న ప్లాస్టిక్ కప్పులో నాలుగు గుక్కల నీళ్ళలాంటి మందు. ఫార్మసిస్టు కళ్ళముందే తాగాలి. తాగాక పేరు గట్టిగా చెప్పాలి, నోట్లో దాచుకుని బయట అమ్ముకోలేదని తెలియడానికి. అది తాగితే ఇరవై నాలుగు గంటలు ఒళ్ళు పిండిని అడగదు. ఇరవై అయిదో గంటకు అడగడం మొదలుపెడుతుంది. కాబట్టి శుక్రవారం లేదు, పండుగ లేదు, జ్వరం లేదు, రోజూ వెళ్ళాలి. కిటికీ ఏడింటికి తెరిచి మధ్యాహ్నం పన్నెండింటికి మూస్తారు. నా పడవ, దిగాక జనంతో కిక్కిరిసిన మటాటు బండిలో నలభై నిమిషాలు, ఆ తర్వాత వరస.

మూడు నెలల్లో సౌము బుగ్గలు నిండాయి. ఆరు నెలల్లో మళ్ళీ టోపీ పట్టింది. మొదటి టోపీ వంకరగా వచ్చింది, నాకే ఇచ్చింది. “నీ తలకు సరిపోద్దిలే, అదీ వంకరే” అంది.

తల్లి చచ్చిపోయిందని కబురు వచ్చిన రోజు మాత్రం నాకు బాగా గుర్తు. పొద్దున్నే, పడవలో కాలు పెడుతుండగా ఫోను మోగింది. మా దగ్గర మట్టి చెయ్యడం ఆ రోజే అయిపోతుంది. ఫాజా వెళ్ళాలంటే బస్సు, లాంచీ, వెళ్ళి రావడానికి రెండు రోజులు. ఎంత త్వరగా వెళ్ళినా ఆఖరి చూపు ఎలాగూ దక్కదు, కానీ సమాధి దగ్గర నిలబడొచ్చు, పిన్ని చెయ్యి పట్టుకోవచ్చు. సౌము రేవులో అటూ ఇటూ తిరిగింది. నీళ్ళలోకి దిగింది, ఎక్కింది. చెప్పులు విప్పింది, మళ్ళీ వేసుకుంది.

“ఎక్కు తల్లీ, బస్టాండు వైపే కదా. నేను దింపుతాను” అన్నాను.

“రెండు రోజులు సరంగన్నా. రెండు రోజులు మందు లేకపోతే నేను అక్కడ సౌమునై నిలబడను. అందరూ ఏడుస్తుంటే నా కాళ్ళు పొట్లం వెతుక్కుంటూ పోతాయి. అమ్మ సమాధి మీద అదొక్కటీ చెయ్యలేను.”

ఆ రోజు ఆమె ఆసుపత్రికే వెళ్ళింది. మందు తాగి, తిరిగి వచ్చి, సాయంత్రం దాకా రేవు మెట్ల మీద టోపీ కుట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళు దారికడ్డంగా ఉమ్మారు. కన్నతల్లి కంటే కప్పు మందు ఎక్కువైందని చెప్పుకున్నారు. నేను కూడా మనసులో అలాగే అనుకున్నాను.

ఆమెతోపాటు ఇంకో నలుగురు దాటేవాళ్ళు. అందులో చెంగో ఒకడు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం వాడి పని. ఇరవై ఏడేళ్ళు. మందు మొదలుపెట్టి ఎనిమిది నెలలయింది. అంతకుముందు నాలుగేళ్ళు చెట్టెక్కలేదు, ఎక్కనిచ్చినవాళ్ళూ లేరు. ఇప్పుడు మళ్ళీ తోటలవాళ్ళు పిలుస్తున్నారు. పడవలో ఒక్కడే మాట్లాడేవాడు, మేమంతా వినాలి.

“పెద్దక్కా, నా పొట్ట చూశావా? నిన్న చెట్టు మొయ్యలేనని ఏడ్చింది.”

“తింటున్నావు కాబట్టి. మీ అమ్మ కాడ్జో సంతోషపడతంది.”

“మా అమ్మ సంతోషం సంగతెందుకు! నేను రోజూ ఇంటికి రాగానే జేబులు తడుముద్ది. ఏం దొరకదు. దొరకలేదని మళ్ళీ తడుముద్ది.”

ఆ ఏడు మే నెలలో దక్షిణపు గాలి విరుచుకుపడింది. మేము కూసి అంటాం. ఏటా వచ్చేదే, కానీ ఆసారి వానతో కలిసి వచ్చింది. ఉప్పుటేరు చుట్టూ తిరిగి వెళ్ళే మట్టిరోడ్డు ఒకటుంది. దాని వంతెన మొదటిరోజే కొట్టుకుపోయింది. నేను పడవను ఇసుక మీదికి లాగి కట్టేశాను. చేపల వేటకు కూడా ఎవరూ పోలేదు. తెల్లారి చూస్తే ఆ అయిదుగురూ రేవులో గోనెసంచులు కప్పుకుని నిలబడి ఉన్నారు.

“ఇయ్యాల లేదు, పొండి” అన్నాను.

రెండోరోజు కూడా వచ్చారు. ముక్కులు కారుతున్నాయి, ఆవలింతలు ఆగడం లేదు. సౌము పడవ చుట్టూ తిరుగుతూ ఉంది, ఒకచోట నిలబడితే పడిపోతానన్నట్టు. మూడోరోజు చెంగో ముణుకుల మీద కూర్చుని పొట్ట పట్టుకున్నాడు.

“అన్నా, ఒక్కసారి. అవతల దింపి వచ్చెయ్. ఎలా వస్తామో మా తిప్పలు మేం పడతాం.”

“పడవ తిరగబడితే నీ మందు చేపలు తాగుతాయి చెంగో” అన్నాను. జోకేశాననుకున్నాను. వాడు కూడా నవ్వాడు, నవ్వుతూ కక్కుకున్నాడు.

నాలుగోరోజు చెంగో రేవుకు రాలేదు. అయిదోరోజూ రాలేదు. సౌము తోటలన్నీ వెతికింది. పొద్దున పదకొండు గంటలప్పుడు ఆమె కేక విన్నాను. గోదాము వైపు నుంచి చెంగోను ఇద్దరు మోసుకుని వస్తున్నారు, సౌము పక్కన పరుగెడుతూ, ఆగి వాడి నోట్లోకి ఊపిరి ఊదుతూ, మళ్ళీ పరుగెడుతూ వస్తోంది. వాడి పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. అయిదురోజులుగా మందు లేని ఒళ్ళు పాత మోతాదు తట్టుకోలేదని, అందులోనూ ఆసారి పొట్లం ఘాటైనదని తర్వాత చెప్పారు. ఆగిన ఊపిరిని తిరిగి రప్పించే ఇంజక్షన్ ఒకటి ఉందనీ, నలాక్సోన్ అంటారనీ అప్పుడే విన్నాను. అది ఉన్నది ఉప్పుటేరు అవతల.

“పడవ తియ్యి సరంగన్నా!”

తీశాను. ఎవరో తోశారు, ఇంజను పట్టింది. అదే గాలి, అదే కెరటాలు. రెండుసార్లు నీళ్ళు లోపలికి కొట్టాయి, నేను ఒక చేత్తో చుక్కాని పట్టుకుని ఒక చేత్తో తోడాను. సౌము తలెత్తలేదు. ఊదుతూనే ఉంది. అవతలి గట్టుకు ఇంకా సగం దూరం ఉండగా ఊదడం ఆపింది. వాడి తలను ఒళ్ళోకి తీసుకుని, తడిసిన జుట్టును వేళ్ళతో సర్దింది.

గట్టు తగిలాక నన్ను చూసింది. కోపంగా కాదు. లెక్క తేలినట్టు చూసింది.

“అయితే దాటొచ్చన్నమాట” అంది.

అంతే అంది. ఆ తర్వాత ఇప్పటివరకు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనే నెలల తరబడి భోజనం ముందు కూర్చుని, నమాజులో వంగి, ఇంజనుకు నూనె పోస్తూ ఆ మాట వింటూ ఉన్నాను.

చెంగోను మట్టి చేసిన మూడోరోజు సౌము పట్నంలో కౌంటీ ఆరోగ్య కార్యాలయానికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆమె పిలవలేదు, పడవ కట్టేసి వెనకాలే నడిచాను. అక్కడ ఈ మందుల పథకం చూసే అధికారి అకోత్ అనే ఆవిడ. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి అంతా విన్నది. కుర్చీ చూపించినా సౌము కూర్చోలేదు.

“మందు ఇటు నుంచి అటు రావాలి మేడం. మనుషులు అటు నుంచి ఇటు రాకూడదు.”

“నాకూ అదే కావాలి సౌము. పథకం పెంచమని పైవాళ్ళు కూడా చెప్తున్నారు. మీ ఊరి డిస్పెన్సరీలో తాళం పడే గది కావాలి, ఇనప పెట్టె కావాలి. అవి నేను చూస్తాను. ఊరివాళ్ళ ఒప్పుకోలు కాగితం మాత్రం నేను తేలేను. కిందటేడు ఇంకో ఊళ్ళో అది లేకుండా పెట్టాం. జనం రాళ్ళేశారు, మూసేశాం.”

“మా ఊరివాళ్ళు నాకు నమస్కారమే పెట్టరు, కాగితమెక్కడ పెడతారు?”

“అయితే నమస్కారంతోనే మొదలుపెట్టు” అంది అకోత్. ఎగతాళి కాదు, నిజంగానే అంది.

ఊరి సభ చేపల షెడ్డు కింద జరిగింది. షెడ్డు పెద్ద ముసలి బును మాట మీద సగం ఊరు నడుస్తుంది. ఆయన లేచి చేతికర్ర నేలకు ఆనించి చెప్పాడు.

“ఇప్పుడు నలుగురు తేజాలున్నారు. మందు ఇక్కడ పెడితే కోస్తాలో ఉన్న తేజాలంతా మన రేవులో దిగుతారు. డిస్పెన్సరీకి కడుపుతో ఉన్న ఆడపిల్లలు వస్తారు, చంటిబిడ్డలు వస్తారు. వాళ్ళ పక్కన వీళ్ళనా? పిండి తినేవాడికి ఇంకో పిండి పెట్టడం మందెలా అవుద్ది?”

జనం తలలూపారు. సౌము లేచింది. ఆమె మంచి మాటకారి కాదు. ఒంటికి చుట్టుకున్న కాంగా బట్ట కొంగును మెలిపెడుతూ, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఊగుతూ మాట్లాడింది.

“తాతా, నేను మీ గోడ పక్కనే పద్నాలుగేళ్ళు పడుకున్నాను. మీ వలలు దొంగిలించాను. ఒకసారి మీ మనవరాలి చెవిపోగు కూడా నేనే తీశాను. మీరు ఎవరినో కొట్టారు, వాడు కాదు, నేను. మూడేళ్ళనుంచి నేనేమన్నా తీశానా? చెప్పండి. ఈ షెడ్డులో ఎవరన్నా చెప్పండి. ఆ కప్పు తాగుతున్నాను కాబట్టి తియ్యలేదు. మంచిదాన్నయ్యి కాదు. ఆ కప్పు నాలుగురోజులు అందకపోతే రేపు మళ్ళీ మీ వలలు పోతాయి. చెంగో దొంగతనం చెయ్యలేకపోయాడు, చచ్చిపోయాడు.”

 చెవిపోగు సంగతి బునుకు కొత్త. చెంగో తల్లి కాడ్జో ఒక మూల కూర్చుని ఉంది, చీర చెరగులాంటి తన బట్ట కొసతో ముఖం కప్పుకుని. ఆమెను చూసేసరికి నేను లేచాను.

“వాళ్ళు అయిదురోజులు నా పడవ దగ్గర నిలబడ్డారు. గాలి ఉందన్నాను. నిజమే, ఉంది. అయిదోరోజు ఆ గాలిలోనే శవాన్ని దాటించాను. అంటే బతికున్నవాణ్ణి కూడా దాటించగలను. నేను దాటించలేదు, ఎందుకంటే వాళ్ళు తేజాలు. మీ ఇంట్లో పురిటి నొప్పులొస్తే దాటించేవాణ్ణి కాదా? ఇక మీరు నా మీద వదిలెయ్యకండి. సరంగు మనసును బట్టి మనుషులు బతకడం ఏం బాగుంటుంది?”

కూర్చున్నాను. నా భార్య నా వైపు చూడలేదు, కానీ నీళ్ళ సీసా ఇటు జరిపింది.

ఆ రోజు కాగితం రాలేదు. రెండు వారాలపాటు సౌము ఇల్లిల్లూ తిరిగింది. కొన్నిచోట్ల టీ ఇచ్చారు, కొన్నిచోట్ల కుక్కను వదిలారు. ఆఖరికి బును ఒక షరతు మీద కాగితానికి ఒప్పుకున్నాడు. డిస్పెన్సరీ ముందు గుమ్మం వాడకూడదు. వెనకవైపు, కోళ్ళగూడు పక్కన కిటికీ పెట్టుకోవాలి. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది లోపు పని అయిపోవాలి, తల్లులు రావడానికి ముందే.

మిగతా ముగ్గురూ భగ్గుమన్నారు. “మేమేమన్నా కోళ్ళమా? నువ్వెలా ఒప్పుకున్నావు?” అని సౌము మీద పడ్డారు. ఒకడు ఆమె టోపీల సంచిని బురదలోకి తన్నాడు.

“కోళ్ళగూడు పక్కన కాదు, దాని లోపలైనా సరే ఒప్పుకుంటాను” అంది సౌము, టోపీలు ఏరుకుంటూ. “గౌరవం తర్వాత గొడవపడి తెచ్చుకుందాం. ముందు పడవ మానుకుందాం.”

ఆగస్టులో ఒక తెల్లవారి నా పడవలో ఎదురు బేరం ఎక్కింది. అవతలి గట్టు నుంచి ఫార్మసిస్టు, ఆయన మోకాళ్ళ మధ్య తాళం వేసిన ఇనప పెట్టె, పక్కన ఒక పోలీసు. ఆ పెట్టెను మేము ఇంటికొచ్చే కొత్త కోడలిని దింపినంత జాగ్రత్తగా దింపాము. డిస్పెన్సరీ నర్సు జుమ్వా వెనక కిటికీ తెరిచింది. కోళ్ళు కాళ్ళకు అడ్డం పడ్డాయి. సౌము కప్పు ఎత్తి తాగి, “సౌము కోంబో” అని ఊరంతా వినేలా అరిచింది. అప్పుడు సమయం ఆరూ ఇరవై.

మొదటిరోజు నలుగురు. మూడో నెలకు పదకొండు మంది. కొత్తగా చేరినవాళ్ళలో ఆరుగురు కివులిని వాళ్ళే, ఇన్నాళ్ళూ అవతలికి పోలేక, లేదా పోతే పేరు పడుతుందని దాక్కున్నవాళ్ళు. ఒక బడి పంతులమ్మ కూడా ఉంది, ఆమెను చూసి నేను తల తిప్పుకుని కోళ్ళను అదిలించాను.

వింత ఏమిటంటే, సౌముకు ఊరట రాలేదు. ఆరూ ఇరవైకి మందు అయిపోతే ఆపైన రోజంతా ఖాళీ. మూడేళ్ళు పరుగెత్తిన కాళ్ళు ఆగమంటే ఆగవు. మందు తాగి నేరుగా రేవుకు వచ్చి పడవెక్కేది.

“ఎక్కడికి తల్లీ?”

“ఎక్కడికీ లేదు. దాటించి మళ్ళీ తీసుకురా.”

“నీకు పిచ్చి పట్టింది.”

“ఇంట్లో కూర్చుంటే గోడలు దగ్గరికొస్తున్నాయి అన్నా. ఏదో మర్చిపోయినట్టు, ఎవరో నా కోసం ఎక్కడో నిలబడినట్టు ఉంటంది.”

పది పన్నెండు రోజులు అలా వట్టినే దాటింది. తర్వాత అకోత్ ఆమెకు పని చూపించింది. ఊపిరి ఇంజక్షన్ వాడకం ఊరివాళ్ళకు నేర్పాలి, తేజాలు ఉండే చోట్లకు వెళ్ళి శుభ్రమైన సూదులివ్వాలి, మందుకు రమ్మని చెప్పాలి. బడి పిల్లలతో కూడా మాట్లాడాలి. సౌముకు ఆ పని సరిపోయింది, ఎందుకంటే అందులో కూర్చోవడం లేదు. బడిలో పిల్లలకు ఆమె భయపెట్టే కథలు చెప్పలేదట. “నొప్పి తగ్గించుకోడానికి ఎవరన్నా సిగరెట్టిస్తే ముందు నర్సు జుమ్వా దగ్గరికి పొండి” అని మాత్రం చెప్పిందట. నా మనవడు ఇంటికొచ్చి చెప్పాడు.

ఇంజక్షన్ మొదట నేర్చుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. కమలాపండు మీద సాధన. నేను మూడు కమలాలు పాడుచేశాను. “నువ్వు మనిషిని పొడుస్తావో పడవకు చిల్లు పెడతావో” అని సౌము వెక్కిరించింది. ఒక ఇంజక్షన్ నా ఇంజను పెట్టెలో పెట్టుకున్నాను, వాడాల్సి రాదనే ధీమాతో.

ఆ తర్వాతి ఏడు ఫిబ్రవరిలో లాము నుంచి వచ్చిన ఒక చేపల పడవ మా రేవులో ఆగింది. దాని వంటమనిషి స్కాండా అనేవాడు, నలభై ఏళ్ళవాడు, మధ్యాహ్నం షెడ్డులో చేపలకు మంచు వేసే గది వెనక సందులో పడి ఉన్నాడని ఎవరో అరిచారు. సౌము ఆ రోజు పట్నంలో మీటింగులో ఉంది. జుమ్వా కాన్పు చేయిస్తోంది. నేను ఇంజను పెట్టెలోంచి ఇంజక్షన్ తీసుకుని పరుగెత్తాను. అవే నేరేడు పెదాలు. మూత ఊడలేదు, పళ్ళతో పీకాను. తొడలో బట్ట మీంచే పొడిచాను. నోట్లోకి ఊదాను, సౌము పడవలో ఊదినట్టే. ఒక నిమిషం. రెండు నిమిషాలు. లోపలి నుంచి పెద్ద గురక లాంటి ఊపిరి వచ్చింది. ఆ శబ్దం విని నేను ఇసుకలో వెల్లకిలా పడ్డాను.

స్కాండా లేచి కూర్చుని నన్ను చూసి ఛీ కొట్టాడు.

“ఎవడ్రా నువ్వు? హాయిగా ఉంటే పాడుచేశావు కదరా! నీ తల పగల!”

లేచి తూలుతూ పోబోయాడు. ఇంజక్షన్ ప్రభావం గంటలో దిగిపోతుంది, పిండి ఇంకా ఒంట్లోనే ఉంటుంది, మళ్ళీ ఊపిరి ఆగవచ్చని మాకు నేర్పారు. పట్టుకోవడానికి నాకు బలం లేదు. అప్పుడు బును చేతికర్ర అడ్డం పెట్టాడు. ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు. సందుకు అడ్డంగా చేపల బుట్ట బోర్లించి, దాని మీద కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు.

“కూర్చోరా. మళ్ళీ పడతావంట. నా షెడ్డులో నువ్వు చస్తే ఇయ్యాళ్టి సూర చేప ఎవడు కొంటాడు?”

“దారి వదులు ముసలోడా!”

“నా కాళ్ళ మీంచి దాటు చూద్దాం. నా వయసులో నేను ఎంత సూర పట్టానో తెలుసా నీకు? కూర్చో, చెప్తా.”

జుమ్వా వచ్చేదాకా, రెండు గంటలసేపు, ఆయన ఆ సూర చేప గురించి చెప్పాడు. ఎన్నోసార్లు విన్న కథే, ఈసారి చేప ఇంకా పెద్దదయింది. స్కాండా వణుకుతూ, తిడుతూ, మధ్యలో “దారం తెగలేదా?” అని అడిగాడు కూడా. మర్నాడు అతని పడవ అతన్ని వదిలి వెళ్ళిపోయింది. అతను కోళ్ళగూడు పక్కన వరసలో నిలబడ్డాడు. ఇప్పుడు షెడ్డులో చేపలు శుభ్రం చేస్తున్నాడు. మధ్యలో ఒకసారి జారిపోయాడు, మళ్ళీ వచ్చాడు. నాకు ఇంతవరకు కృతజ్ఞత చెప్పలేదు. ఎదురుపడితే తల గోక్కుంటాడు.

ఇంత జరిగాక బును మారిపోయాడని మీరు అనుకుంటారు. ముందు గుమ్మం మాటెత్తితే ఇప్పటికీ ససేమిరా అంటాడు. సౌము నెలకోసారి అడుగుతుంది, ఆయన నెలకోసారి కాదంటాడు, ఇద్దరూ దానికి అలవాటుపడ్డారు. కానీ ఆయన షెడ్డు గోడకు ఒక ఎర్ర పెట్టె వేలాడుతోంది, అందులో రెండు ఇంజక్షన్లు ఉంటాయి. తేదీ దాటిపోయిందేమోనని వారం వారం కళ్ళద్దాలు పెట్టుకుని చదివేది ఆయనే.

సౌముకు నలభై దాటింది. మోతాదు తగ్గించుకోమని ఊళ్ళో కొందరు పోరుతారు, “ఇంకెన్నాళ్ళు ఆ కప్పు?” అంటారు. “షుగరు మాత్ర ఎన్నాళ్ళు మింగుతావని నిన్నెవరన్నా అడిగారా?” అంటుంది. ఒకసారి ఆమే తగ్గించి చూసింది, నిద్ర పట్టలేదు, సగం సగం టోపీలు నాలుగు మొదలుపెట్టి ఒక్కటీ ముగించలేదు. మళ్ళీ పాత మోతాదుకు వెళ్ళింది. సిగ్గుపడలేదు.

కిందటి నెల నుంచి కొత్త తిప్పలు పట్టుకున్నాయి. లోపలివైపు, రాతి గనుల దగ్గర పగడపు రాయి కోసే కూలీలు ఉంటారు. నడుము నొప్పికని మొదలుపెట్టి పిండిలో పడినవాళ్ళు. ఈ ఏడు అక్కడ ఇద్దరు పోయారు. సౌము గుడిసె గుడిసె తిరిగి ఇరవై రెండు మంది పేర్లు రాసుకొచ్చింది. వాళ్ళకు మా కిటికీ రెండు గంటల నడక. అకోత్ వ్యాను అడుగుతోంది, వచ్చే ఏడు వస్తుందని పైనుంచి జవాబు.

నిన్న పొద్దున్న మందు తాగి రేవు వైపు వచ్చింది. చంకలో పేర్ల కాగితం, భుజాన ఇంజక్షన్ల సంచి, చేతిలో ఎవరిదో పెళ్ళి టోపీ.

“టీ తాగి పో తల్లీ. నీళ్ళు మరుగుతున్నాయి, కాసేపు కూర్చో” అన్నాను.

“వచ్చే ఏడంటున్నారు సరంగన్నా. గనుల్లో వచ్చే ఏడు దాకా ఎవరుంటారో నాకు చెప్పమను. అకోత్ మేడం పైవాళ్ళెవరో, వాళ్ళ ఆఫీసు ఎక్కడో, ఇయ్యాల అడుగుతాను. మొంబాసా అయితే మొంబాసా.”

“టీ?”

“అవతల తాగుతాలే. తియ్యి.”

పడవలో అప్పటికి ఇద్దరే ఉన్నారు. నేను ఇంకెవరి కోసమూ చూడలేదు. ఇంజను తిప్పాను. ఆమె బల్ల అంచున ఆనుకుని, టోపీ తీసి, సూదికి దారం ఎక్కించుకోవడం మొదలుపెట్టింది.